పద్నాలుగు షీట్ల క్లచ్

బావమరిదికి ఆశీస్సులు.

నేనూ మీ అక్కా కులాసా. కారే బాగోలేదు. మీ అక్క గేరు మార్చినప్పుడల్లా పళ్ళు నూరుతోంది. క్లచ్ పోయినట్టే. ఇరవయ్యో తేదీన తనకి డ్రైవింగ్ పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు తప్పింది, ఈసారీ తప్పితే జన్మలో స్టీరింగు ముట్టనని ఒట్టేసింది. అందుకని క్లచ్ నేనే మార్చేస్తున్నాను. పద్నాలుగు షీట్ల ప్లాను వాటర్ కలర్లో వేశాను. గేర్‌బాక్సు నీలం, క్లచ్ ఎరుపు. మెకానిక్కువి కదా, చూసి సంతకం పెట్టు.

ఇట్లు, మీ బావ (డ్రాయింగు మాస్టరు)

తా.క. ఏడో షీటు మీదున్నది ఆయిల్ లీకు కాదు, కాఫీ.

~

బావగారికి గ్రీజు చేతులతోనే నమస్కారాలు.

బొమ్మలు బ్రహ్మాండం. షెడ్డు గోడకి అంటించాను. కానీ ఈ పని మీవల్ల కాదు. గేర్‌బాక్సు కిందికి దించాలి, అది మీద పడితే అక్క నన్ను బతకనివ్వదు. అసలు క్లచ్ పోయిందని ఎవరు చెప్పారు?

మీ క్షేమం కోరే బావమరిది

తా.క. పదకొండో షీట్లో మీరు విప్పమన్నది బ్రేకు.

~

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది, అందులోని కడుపుమంటా అర్థమైంది. ఎవరి క్లచ్ వాళ్ళే మార్చుకుంటే నీ షెడ్డు మూతపడుతుందని భయం. క్లచ్ సంగతి నాకు తెలీదా? రోజూ గంటసేపు మీ అక్క పక్కన కూర్చుని "క్లచ్, క్లచ్" అని మొత్తుకునేది నేనే. ఆదివారం మొదలుపెడుతున్నాను. నీ సాయం అక్కర్లేదు.

ఇట్లు, ఎవరి సాయమూ అక్కర్లేని బావ

తా.క. బ్రేకేదో నాకు తెలుసు. అయినా ఎలా గుర్తుపట్టాలో రాయి.

~

బావగారికి వంగి మరీ నమస్కారాలు.

తప్పు నాదే. మీ పట్టుదల గురించి అక్క కూడా రాసింది. మీరే చేయండి. కారుని గట్టి స్టాండ్ల మీద నిలపండి, పక్కింటాయన తోడు లేకుండా కిందికి దూరకండి. ఏ బోల్టులు ఎక్కడివో తెలిసేలా విడివిడి గిన్నెల్లో వేయండి. తొందరేమీ లేదు.

మీ శిష్యుడు, బావమరిది

తా.క. గిన్నెలు అక్కకి అందేచోట పెట్టండి. జాగ్రత్త చేస్తుంది.

~

బావమరిదికి,

కొంప మునిగింది. కొత్త క్లచ్ బిగించాను. గేర్‌బాక్సు ఎక్కించబోతే నారింజరంగు గిన్నెలో మూడు బోల్టులు లేవు. ఒక్కోదానికీ షేడింగుతో సహా బొమ్మ గీశాను. బొమ్మలున్నాయి, బోల్టుల్లేవు. పరీక్ష ఎల్లుండే. మీ అక్క డ్రైవింగ్ స్కూలు కార్లో వెళ్తానంటోంది, అదీ నేను పక్కన లేకుండా. నా మూలాన తను మళ్ళీ తప్పితే నా మొహం ఎలా చూపించను? ఏడుపొస్తోందిరా. పాత క్లచ్ పార్సిల్లో పంపాను, ఎంత అరిగిపోయిందో చూడు.

ఇట్లు, మీ బావ

తా.క. చక్రాలు బాగానే ఉన్నాయి. పక్కన పెట్టాను.

~

బావగారికి నమస్కారాలు.

అక్క పాసైందట, సంతోషం. పాత క్లచ్ చూశాను. ఇంకో ఐదేళ్ళు పనిచేసేది. అరిగిపోయినవి అక్క చెవులు. "ఆయన పక్కనుంచి క్లచ్, క్లచ్ అంటుంటే కంగారులో సగమే తొక్కుతున్నానురా, అందుకే ఆ గేర్ల మోత. పరీక్షయ్యేదాకా ఆ కారు కదలకుండా చూడు" అని మీ రెండో ఉత్తరం వెనకే రాసింది. అందుకే మిమ్మల్ని ఎగదోశాను. తిట్టాలనుంటే తిట్టండి, నేను కాదనను.

ఇట్లు, అక్కకి తమ్ముడు, తర్వాతే మీకు బావమరిది

తా.క. మూడు బోల్టులూ అక్క హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. ఇకమీదట వెనకసీట్లో కూర్చుంటానని మీరు రాసి సంతకం పెడితే ఇస్తుందట. వాటర్ కలర్ అక్కర్లేదు.