స్వాతి ఎంచుకున్న చదువు

గౌరవనీయులైన వియ్యంకులు కన్నారావుగారికి నమస్కరించి వ్రాయునది.

ఈ దీవిలోనే ఉన్న మా హాడో పేట నుండి మీ ఇంటికి రావడం నాకు దూరం కాదు. కాని నా కుమారుడు మనోహర్ పోయిన తరువాత మీ ఎదుట కూర్చుంటే మాట పెగలడం లేదు. అందుచేత వ్రాస్తున్నాను.

మనోహర్ ఉద్యోగాన్ని ఆఫీసువారు మీ కుమార్తె స్వాతికి ఇస్తామన్నారు. ఆమె దానిని కాదని, చెన్నైలో ఏఐ గవర్నెన్స్ అనే శిక్షణకు వెళ్తానంటున్నది. "సర్కారీ నౌక్రీ ఒగ్గేస్తావేటే? పాగలైపోనావా?" అని మీరు కేకలు వేశారట. తండ్రిగా మీ భయం న్యాయమైనదే.

అయినా ఒక సంగతి మనవి చేయాలి. మనోహర్ గుండె ఆపరేషనుకు బీమా సంస్థ అనుమతి నిరాకరించిన రోజున, స్వాతి ఫోనులో ఎంతో బతిమాలింది. "సిస్టమ్ నే రిజెక్ట్ కర్ దియా, మేడమ్" అన్నారు అవతలివారు; కంప్యూటరే తిరస్కరించిందట. ఆమె నా వైపు తిరిగి, "సిస్టమ్ అంటే ఎవరు మామయ్యా? నేను వాళ్లతోనే మాట్లాడతాను" అన్నది. జీవితమంతా పాఠాలు చెప్పిన నేను ఆపరేషను కాగితాలను మళ్లీ మొదటి నుండి చదవసాగాను. చివరకు ఒక మనిషి ఆ కాగితాలు చూసి అనుమతించేసరికి మనోహర్ లేడు.

కంప్యూటరు నిర్ణయించిన ప్రతిచోటా జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండేలా చూడటం నేర్పేదే ఆ చదువు. దయచేసి ఆమెను వెళ్లనివ్వండి.

మీకు తెలుగు చదవడం కష్టమని ఎరుగుదును. స్వాతికి చిన్నప్పుడు బడిలో తెలుగు అక్షరాలు దిద్దించినవాడిని నేనే. ఆమె నా ఎదుట ఇంతవరకు ఏడవలేదు. ఈ ఉత్తరాన్ని ఆమె చేతనే పైకి చదివించుకోండి. నడుమ ఏడ్చినా, చివరి వరకు చదవనివ్వండి.