ఆ వాయి మీరే తిప్పారా?

అత్తయ్యా,
ఇక్కడందరం బాగానే ఉన్నాం, నా గుండెదడ ఒక్కటే తగ్గడం లేదు. మీరు బయల్దేరిన రోజు వేయించిన కాఫీ గింజలు హోటలాయనకి పంపాను కదా, నిన్న స్వయంగా వచ్చాడు. "కాఫీ అంటే ఇదీ అమ్మా! ఇక ఎప్పుడూ ఇదే కావాలి. రుచి మారిందా, మళ్లీ మీ గడప తొక్కను" అన్నాడు. సరేనన్నాను. అప్పట్నించీ గింజలు వేయించే డ్రమ్ము తిప్పుతూనే ఉన్నాను. గింజ అదే, మంట అదే, ఎన్ని వాయిలు వేయించినా ఆ రుచి రావడం లేదు. ఒకటి మాడు చేదు, ఇంకోటి పచ్చివాసన. ఈ కాఫీ వ్యాపారం కోసం ఉద్యోగం మానొద్దని మొత్తుకున్న మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు.

ఆ రోజు మీకు బండి పిలవడానికి నేను వీధిలోకి వెళ్లినప్పుడు డ్రమ్ము దగ్గర మీరొక్కరే ఉన్నారు. మంట తగ్గించారా? ఇంకాసేపు తిప్పారా? ముట్టుకోవద్దని మీ మీద అరిచింది నేనే, ఇప్పుడు ఏమీ అనను, చేసింది చేసినట్టు రాయండి.

మామయ్యగారి మోకాలు ఎలా ఉంది? నమస్కారాలు చెప్పండి. మీ గొడుగు ఇక్కడే భద్రంగా ఉంది.

మీరు నిజంగా ఏమీ ముట్టుకోలేదంటే మాత్రం, ఆ మాట కార్డు మీద రాయకండి, మీ అబ్బాయి చదువుతాడు. గొడుగు కోసమని వచ్చేయండి, ఆ రుచి ఎలా వచ్చిందో ఇద్దరం కలిసి వెతుకుదాం.

మీ కోడలు