ఫ్రిజ్ ముందు చెప్పుల జత

నాచారం, 14-7-2001

వదినకు, అందరం ప్రాణాలతోనే ఉన్నాం, కంగారుపడకు. మీ ఫోన్ పలకడం లేదని కార్డు రాస్తున్నాను.

నిన్న మా గౌతమ్ స్నానం చేసి తడికాళ్లతో వచ్చి ఫ్రిజ్ తలుపు పట్టుకున్నాడు. షాక్ కొట్టి ఎగిరి గోడ దగ్గర పడ్డాడు. డాక్టరు చూశాడు, బాగానే ఉన్నాడు.

ఉప్పల్ నుంచి ఎలక్ట్రీషియన్ మల్లేశాన్ని పిలిపించాను. ఫ్రిజ్ ముందున్న చెప్పుల జత చూసి "గివేందమ్మా?" అన్నాడు. తలుపు ముట్టుకుంటే జిల్లుమంటుంది, అందుకే వేసుకుంటామన్నాను. తలుపుకు టెస్టర్ పెడితే దాని లైటు వెలిగింది.

"ఇంట్ల ఎర్తింగే లేదు. గిన్ని దినాల సంది చెప్పులతోని పానం కాపాడుకుంటున్నరా?" అని నోరెళ్లబెట్టాడు. ఇవాళ వైరు మార్చి, పెరట్లో గొయ్యి తీసి ఎర్తింగ్ వేస్తున్నాడు.

అన్నయ్య దగ్గు తగ్గిందా? వడియాలు ఇప్పుడే పంపకు, ఇక్కడ ముసురు.

వదినా, ఫ్రిజ్ ముందు చెప్పులు పెట్టడం నేను నేర్చుకున్నది నీ దగ్గరే. కార్డు అందగానే మెయిన్ ఆపి మీ ఫ్రిజ్ ప్లగ్గు పీకెయ్. ఎర్తింగ్ చూపించేదాకా మళ్లీ పెట్టకు. అన్నయ్యకు నమస్కారాలు, ప్రజ్ఞకు నా ముద్దులు. అది పాకుతోందని రాశావుగా. దానికి చెప్పుల్లేవు.

సత్యవేణి