మొలకల మందు, నాలుగు మాస్కులు

మందుల భద్రతను సమీక్షించే పెద్ద అధికారిగారికి, శీతల గిడ్డంగిలో పనిచేసే కూలీ నమస్కరించి రాసుకునేది.

అయ్యా, పొలంలో కలుపును చంపే మందునే, బంగాళాదుంపలు మొలకెత్తకుండా మేము గిడ్డంగిలో పొగగా పెడతాం. పద్దెనిమిదేళ్లుగా ముక్కుకు తువ్వాలు కట్టుకుని నేను చేస్తున్న పని ఇదే. ఆ మందు మనుషులకు హాని చేస్తుందో లేదో తేల్చడానికి కిందటి నెల మీవాళ్లు నలుగురు వచ్చారు. ముందురోజే మా మేనేజరు, "రేపు పెద్దోళ్లు వస్తున్నారు, మీరంతా ఇంటిపట్టునే ఉండండి" అన్నాడు. నాతోపాటు పొగపెట్టే మా బావ, "మన దగ్గు వాళ్లకి వినపడితే బాగుండదనేమో" అని నవ్వబోయి దగ్గాడు.

తమరి నివేదికను మొన్న గేటుకు అంటించారు. "పనివారి నుంచి ఫిర్యాదులేవీ అందలేదు" అని అందులో ఉంది. నిజమే, ఆ రోజు అక్కడ పనివాళ్లెవరూ లేరు. మీవాళ్లు లోపల ఉన్న పది నిమిషాలూ మూతికి పెద్ద పెద్ద మాస్కులు, మోచేతులదాకా తొడుగులు తీయలేదని వాచ్‌మన్ చెప్పాడు. వెళ్తూ వెళ్తూ మాస్కులు గేటు దగ్గరే వదిలేశారట.

మేము పదకొండుమందిమి. వంతులతో పనిలేకుండా బావకొకటి ఇచ్చేసి, మిగిలిన మూడింటినీ మార్చి మార్చి పెట్టుకుంటున్నాం.

తప్పుగా అనుకోకండి, ఒక్క మాట అడుగుతాను. మందుతో ఏ హానీ లేదంటే చెప్పండి, నాలుగు మాస్కులూ శుభ్రంగా తుడిచి పంపించేస్తాం. ఉందంటే, దయచేసి ఇంకో ఏడు పంపించండి.

ఇట్లు,
గిడ్డంగిలో పొగపెట్టే పనివాడు