వైరు లేని స్విచ్చు

స్ట్రాటీ,

ఎనిమిది గంటల ఓడకి కియోస్ దీవిలో మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. చిక్కుడుగింజల కూర ఓవెన్‌లో ఉంది, తిను. స్నానానికి ముందు గీజరు స్విచ్చు వెయ్యక్కర్లేదు. డాబా మీద సోలార్ హీటరు పెట్టించిన రోజే ఆ స్విచ్చు వైరు తీయించేశాను.

మూడు వారాలుగా రోజూ ఆ స్విచ్చు వేసి, స్నానం చేసొచ్చి, "ఎంతైనా కరెంటు నీళ్ళ సుఖమే వేరు, ఎవాంథియా" అంటున్నావు. నువ్వు పోసుకున్నవన్నీ ఎండకి కాగిన నీళ్ళే. ఎండ నీళ్ళు ఒంటికి పడవన్న మీ అమ్మకి కూడా ఈ మాట నువ్వే చెప్పు.

మరిచాను: ఇప్పుడే వీధి చివరిదాకా వెళ్ళినదాన్ని, స్విచ్చు ఆపానో లేదో చూసుకుందామని వెనక్కొచ్చాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఇది మాత్రం మీ అమ్మకి చెప్పకు.