గాడి కింది జొన్నకుండ

వదినా, ముందుగా నా రాతను క్షమించండి. నాలుగో తరగతి వరకే చదివాను. వత్తులు తప్పినచోట మీరే సరిచేసుకుని చదవండి. పెద్ద మాటలు మావయ్యగారి పాత పొలం కాగితం చూసి ఎత్తి రాశాను.

ఇరవై రెండేళ్ల వయసు గల నేను, ఈ ఇంటి కోడలిని, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. రేపు పొద్దున బావిలోకి దిగుతున్నాను. అడుగున రాళ్ల సందులో ఊట పూడిపోయిందని, పూడిక తీస్తే నీళ్లు రావచ్చని బావి మేస్త్రీ అన్నాడు. ఆ సందులో మీ తమ్ముడి భుజాలు పట్టలేదు. మేస్త్రీ అందరినీ ఎగాదిగా చూసి, "ఈ పిల్లయితే పాములా దూరిపోద్ది" అన్నాడు. "గాలొస్తే ఎగిరిపోతావే" అని మూడేళ్లుగా ఏడిపించిన అత్తయ్య అప్పుడు మాత్రం నవ్వలేదు. దిగుతానని నేనే చెప్పాను. నా సన్నటి ఒళ్లు ఈ ఇంటికి పనికొస్తున్నందుకు సంతోషంగానే ఉంది.

పోయిన నెల పక్క పొలం బావి ఒడ్డు విరిగి కూలింది కాబట్టి ఈ కాగితం. నేను పైకి రాకపోతేనే విప్పమని మడత మీద కూడా రాశాను. అమలు చేసే అధికారం మీకే దఖలు పరుస్తున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైనది అయిదోది. మిగతావి ఆలస్యమైనా ఫరవాలేదు.

1. నీళ్ల ట్యాంకరు వరసలో మూడో చోట ఎర్రగుడ్డ కట్టిన నీలం బిందె నాది. బిందె, దాని చోటు, సర్వహక్కులతో మూలింటి ముసలమ్మకు చెందాలి. ఆవిడ చివర నిలబడి ఎన్నోసార్లు ఖాళీ బిందెతో తిరిగి వెళ్లింది. నా ముందుకు రమ్మని పిలవడానికి నాకు నోరు రాలేదు. ట్యాంకరు డ్రైవరుకు చెప్పి ఉంచాను.

2. ఎదురింటామె నా చేట పట్టుకెళ్లి ఏడాదిన్నర అయింది. అడిగితే, "చెరగడానికి మీ ఇంట్లో ఏముందే?" అంది. నిజం కాబట్టి ఇంకా గుచ్చుకుంది. చేట ఆమెకే ఉంచేయండి. పంట వచ్చిన ఏడు మాత్రం ఒక్కసారి అడిగి తెచ్చి, ఆమె చూస్తుండగా మన గింజలు చెరిగి తిరిగి ఇవ్వండి.

3. నా దుప్పటి అత్తయ్యకు. మోకాళ్ల మీద కప్పుకోమనండి. నాకు జ్వరం వచ్చినప్పుడు తన గ్లాసు నీళ్లు నా గ్లాసులో వంచి, "నాకు దాహం లేదులే" అంది. ఎండాకాలంలో దాహం లేని మనిషి ఎక్కడైనా ఉంటుందా?

4. ఆయనకు ఇవ్వడానికి నా దగ్గర వస్తువేమీ లేదు. ఎదురుగా నాకు మాట పెగలదని, అడగాల్సింది అడిగి అటు తిరిగి నిలబడేవారు. అందుకే ఈ ఇంట్లో నేను మాట్లాడగలిగాను. మళ్లీ పెళ్లి చేసుకోమనండి. వచ్చే అమ్మాయి గలగలా మాట్లాడేదైతే మంచిది. ఆయన మెడకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

5. పోయిన ఏడాది తిండిగింజలు అడుగంటినప్పుడు విత్తనాల జొన్నలు విసరమంది అత్తయ్య. పురుగు పట్టిందని, పారబోశానని అబద్ధం చెప్పాను. "కోడలు కళ్లు మూస్తే పురుగు కళ్లు తెరుస్తుంది" అని ఆరు నెలలు తిట్టింది. పడ్డాను. నిజానికి ఆ జొన్నల కుండ పశువుల కొట్టంలో, గాడి కింద రెండో బండ ఎత్తితే ఉంటుంది. ఎడ్లను అమ్మేశాక అటు ఎవరూ వెళ్లరు. పురుగు రాకుండా పొయ్యి బూడిద కలిపి, మూతికి మట్టి మెత్తాను. రెండెకరాలకు సరిపోతుంది.

ఇంట్లో గింజ లేని ఆ పది రోజులూ అందరం ఉడికించిన ఆకులే తిన్నాం. మీ తమ్ముడు ఆ కడుపుతోనే మూటలు మోయడానికి వెళ్లారు. తప్పు నాదే. కానీ విత్తనం తినేస్తే, వాన వచ్చినా మనకు రానట్టే కదా. ఇది నా ఆస్తి కాదు కాబట్టి ఎవరికీ రాసివ్వడం లేదు, జాడ మాత్రం చెబుతున్నాను. వాన పడి, అత్తయ్య మట్టి పిడికిట్లో పట్టి చూసి "అదును" అన్నాకే మూత తీయండి. అంతవరకూ ఎవరు ఆకలన్నా, చివరికి మీ పిల్లలే అడిగినా, తీయకండి.

నేను దాచానని మాత్రం చెప్పకండి. తిట్టిన తిట్లన్నీ తలుచుకుని అత్తయ్య కుమిలిపోతుంది. పోయిన మావయ్యగారు ఎప్పుడో దాచి ఉంటారని చెప్పండి. ఆయనకు ముందుచూపు లేదని ఎప్పుడూ అంటుంది. ఒక్కసారైనా మెచ్చుకోనివ్వండి.

6. మీకు మిగిలింది ఈ పని ఒక్కటే. మీరు రాయడం మరిచిపోనివ్వలేదు కాబట్టే ఇది రాయగలిగాను. మీ రుణం తీరేది కాదు.

ఏప్రిల్ తొమ్మిది, మంగళవారం.
(కోడలి సంతకం)

సాక్షులు: బావి మేస్త్రీ (వేలిముద్ర), ట్యాంకరు డ్రైవరు (సంతకం). డ్రైవరుకు బిందె సంగతి తప్ప, లోపల ఏముందో ఇద్దరికీ చెప్పలేదు. వాళ్లూ అడగలేదు.

వదినా, మొలకలు వేలెడు ఎత్తు వచ్చాక ఈ కాగితం పొయ్యిలో పెట్టి కాల్చేయండి. ఆ బూడిద పారేయకండి. వచ్చే ఏటి విత్తనాల్లో కలపండి.