రెండు మెట్లు కిందికి

యాదగిరన్నా,

నువ్వు పోయాక మన బ్యాండు ఈ రోజే మొదటిసారి స్టేజీ ఎక్కింది. బొంగులూరులో పెళ్లి విందు. నీ కీబోర్డు దగ్గర నీ కూతురు సంధ్య నిలబడింది, ఆఫీసుకు సెలవు పెట్టి. మైకు ముందు ఎప్పటిలాగే నేను.

ఇరవై ఏళ్లుగా పాడుతున్న పాటతోనే మొదలుపెట్టాం. పల్లవి ఎలాగో లాగాను. చరణంలో పై స్వరానికి పోయేసరికి గొంతు పట్టేసింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ముందు వరుసలో తింటున్నవాళ్లు తలెత్తి చూశారు. సంధ్య వాయించడం ఆపేసింది.

దగ్గరికి వెళ్తే మెల్లగా అంది: "శ్రుతి దించుడు మర్చిపోయిన అత్తమ్మా. బాపు నీ పాటలన్నీ రెండు మెట్లు కిందికి దించి వాయించేటోడు గద."

నాకు తెలియదన్నా. ఈ వయసులోనూ నా గొంతు దిగలేదని నీ దగ్గరే ఎన్నిసార్లు గొప్పలు పోయానో. "అవ్ చెల్లె" అనేవాడివి.

పెళ్లికొడుకు తండ్రి లేచి వచ్చాడు. "ఏమైందమ్మా, మైకు ఖరాబైందా?"

అవునని చెప్పబోయి ఆగాను. మైకులోనే అన్నాను: "మైకు మంచిగనే ఉంది. నా గొంతే దిగింది. బిడ్డా, బాపు లెక్కనే పెట్టు."

మళ్లీ మొదటి నుంచి పాడాను, చివరిదాకా.

ఇబ్రహీంపట్నం తిరిగొస్తూ ఆటోలో సంధ్యను అడిగాను, నువ్వు ఎప్పటి నుంచి అలా దించి వాయించేవాడివని.

"నేను బాపు దగ్గర కీబోర్డు నేర్చుకునేటప్పుడే అట్ల ఉండె అత్తమ్మా. అప్పుడు నాది ఆరో తరగతి."

నీ చెల్లె,
సుగుణ